వేడిగా ఉన్న ఇంజన్

మా అక్క కొడుక్కి ఎల్బీనగర్‌లో ఉద్యోగం వచ్చింది. నెల రోజులు ఇబ్రహీంపట్నంలో బస్సుల కోసం నిలబడి విసిగిపోయి, బండి కొంటానన్నాడు.

"మామా, లక్షా పది వేల బండి, 12 వేలు తగ్గిస్తమంటున్రు. డెమో బండే గానీ 1,100 కిలోమీటర్లే తిరిగింది."

నాకు 2017 మార్చి 30 గుర్తొచ్చింది. ఏప్రిల్ 1 నుంచి పాత కాలుష్య ప్రమాణాల బీఎస్-3 బండ్లు అమ్మొద్దని సుప్రీంకోర్టు ముందురోజే తేల్చి చెప్పింది. ఉన్న సరుకు వదిలించుకోవడానికి కంపెనీలు ధరలు తెగ్గోశాయి. షోరూముల ముందు రేషన్ షాపు లెక్క జనం. ఆ గుంపులో నేనూ ఉన్నాను. నా వంతు వచ్చేసరికి మిగిలింది డెమో బండి ఒక్కటే. మీటర్ చూడలేదు, అసలేదీ చూడలేదు. ఏడాది తిరక్కముందే క్లచ్ ప్లేట్లు పోయాయి. అరిగే సామాన్లకు వారంటీ ఉండదన్నారు.

అందుకే ఈసారి మా మెకానిక్‌ని వెంటబెట్టుకుని పోయాను. అతను మీటర్ వైపు చూడనే లేదు. వంగి ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీశాడు.

"సార్, వేడిగున్నది. మనం వస్తున్నమని ముందే స్టార్ట్ చేసి పెట్టిన్రు."

టైమింగ్ చైన్ చప్పుడు, టాపెట్ల టకటక, పొగ, ఇవన్నీ బాగా బయటపడేది ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కిక్ కొడితేనే. వేడెక్కాక అన్ని బండ్లూ బుద్ధిమంతులే. తర్వాత బ్రేక్ లివర్ కొసన ఉండే చిన్న గుండు మీద వేలు తిప్పాడు. ఒక పక్క గరుకు. హ్యాండిల్ చివర, కుడి ఫుట్‌రెస్ట్ కొస కూడా అంతే. ట్యాంకు మాత్రం అద్దంలా ఉంది. పడ్డ బండికి పాలిష్ పెట్టొచ్చు గానీ లివర్ గుండు సంగతి ఎవరికీ గుర్తుండదు.

అల్లుడు ఇంకా ఆ 1,100 దగ్గరే ఉన్నాడు. "తక్కువే కదా మామా?" ట్రయల్‌కి తీసుకున్నవాడు ఎంత దూరం పోతాడు? సాగర్ రోడ్డెక్కి ఒక చుట్టు కొట్టి వస్తాడు. మనిషికి మూడు కిలోమీటర్లు వేసుకున్నా 360 మందికి పైనే. కొత్త ఇంజన్‌ని మొదట్లో మెల్లగా నడపమని బండితో ఇచ్చే పుస్తకంలోనే ఉంటుంది. ఆ మెల్లగా నడపాల్సిన రోజులన్నీ పికప్ ఎంతుందో చూద్దామని వచ్చినవాళ్ల చేతుల్లో గడిచిపోయాయి. సొంత బండి మీద ఎవడూ చెయ్యని పనులు డెమో బండి మీద చేస్తారు. నేనూ చేశాను, ఎందుకు దాచడం.

కాగితాల దగ్గరికొస్తే, బండి జనవరిలో డీలర్ పేరు మీద రిజిస్టరైంది. వారంటీ ఆ రోజే మొదలైంది, అందులో ఎనిమిది నెలలు అయిపోయాయి. మా వాడు ఆర్సీలో రెండో ఓనర్. రేపు అమ్మబోతే కొనేవాడు ముందు చూసేది అదే. బీమా లెక్కలో ఆరు నెలలు దాటిన బండి విలువ 15 శాతం తగ్గుతుంది. ఎవరితో బేరమాడినా నేను పట్టుకునే కొలబద్ద ఇదే, ఎందుకంటే అది షోరూం వాళ్లు రాసింది కాదు.

అసలు మెలిక ఇంకోటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి, అంటే నవరాత్రుల మొదటి రోజు నుంచి, 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మేం పోయింది ఆ వారమే. లక్షా పది వేల బండి కొత్తదే 1,01,400కి దిగింది. వాళ్లు 12 వేలు తీసింది మాత్రం పాత ధరలోంచి. అంటే డెమో బండి 98 వేలు. లైఫ్ ట్యాక్స్, బీమా రెండు బండ్లకూ అదనమే. డెమోకి డీలర్ ఎప్పుడో కట్టిన ట్యాక్స్ కూడా మా ఖాతాలోనే వేశారు. 360 మంది తొక్కిన బండికి, ఎవరూ ఎక్కని బండికి తేడా 3,400 రూపాయలు.

"86 వేలకిస్తే తీసుకుంటం" అన్నాను. కొత్త ధరలో 15 శాతం తీస్తే వచ్చేది అంతే. కౌంటర్లో కుర్రాడు నవ్వాడు.

డెమో బండంటేనే పనికిరాదని నేననను. మూడు నాలుగు నెలలదై, పడ్డ గుర్తులు లేకుండా, తగ్గింపు కొత్త ధర మీద లెక్కగట్టి ఇస్తే నేనే ముందు కొంటాను. చాలా ఏళ్లు అమ్మే ఆలోచన లేనివాళ్లకు రెండో ఓనర్ అన్న మాటతో పనే లేదు.

మా వాడు కొత్తదే తీసుకున్నాడు. దసరా నాడు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టాం.

దీపావళికి అటువైపు పోతే ఆ డెమో బండి ఇంకా అక్కడే ఉంది. హ్యాండిల్‌కి కట్టిన అట్టముక్క మీద 85 వేలని రాసి ఉంది. ఆ ధరకి మంచి బేరమే. అలాంటిది మీ కంటబడితే ముందుగా ఫోన్ చేయకండి. పొద్దున షట్టర్ తీసే వేళకి పోయి, ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి.