మలేరియా 'నిర్మూలన': ఒక పదం, దాని పర్యవసానం

అంటువ్యాధులపై మన రచనల్లో 'నియంత్రణ', 'నిర్మూలన' అనే మాటలను పర్యాయపదాలుగా వాడటం పరిపాటి. ప్రజారోగ్య శాస్త్రంలో అవి వేర్వేరు. వ్యాధిని తక్కువ స్థాయిలో నిలిపి ఉంచే నిరంతర కృషి నియంత్రణ. ఆ కృషి ఇక అక్కరలేనంతగా వ్యాధి సమసిపోవడం నిర్మూలన. ఈ భేదాన్ని విస్మరిస్తే ఏమవుతుందో భారతదేశంలో మలేరియా చరిత్ర నిరూపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మంది ఈ జ్వరం బారిన పడేవారని అంచనా. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం డి.డి.టి. పిచికారీతో సత్ఫలితాలనివ్వగా, 1958లో అది 'నిర్మూలన' కార్యక్రమంగా మారింది. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు తగ్గాయి. ఆ ధీమాతో నిఘా సడలింది. దోమలు డి.డి.టి.ని, పరాన్నజీవులు క్లోరోక్విన్‌ను తట్టుకోసాగాయి. 1976లో కేసులు సుమారు 64 లక్షలకు చేరాయి. మరుసటి ఏడాది సవరించిన ప్రణాళిక మరణాలను ఆపడం, వ్యాధి తీవ్రతను తగ్గించడం లక్ష్యాలుగా పెట్టుకుంది. అంటే ఆచరణలో మళ్ళీ నియంత్రణకే వచ్చాం.

మసూచి నిర్మూలన సాధ్యమైంది కదా అనవచ్చు. మసూచికి మనిషి తప్ప వేరే ఆశ్రయం లేదు. దాని లక్షణాలు దాగవు. టీకా దీర్ఘకాలం కాపాడేది. మలేరియాకు దోమ వాహకం. పైగా జ్వరం లేకుండానే పరాన్నజీవిని మోసే మనుషులూ ఉంటారు. ఒక వ్యాధిపై గెలుపును మరో వ్యాధికి హామీగా భావించడం దోషం.

కనుక మలేరియా పునరాగమనాన్ని దోమల నిరోధక శక్తికే ఆపాదించే రచనలు అసంపూర్ణం. కేసులు తగ్గిన సంవత్సరాల్లో రక్తపరీక్షలు, పిచికారీ, నిధులు కొనసాగాయా అన్నది విమర్శకులు ముందుగా అడగవలసిన ప్రశ్న.