రాజుగారి లైబ్రరీకి కాగితం కప్పు

భవనాల బొమ్మ ఏది చూసినా నేను ముందు వెతికేది అందులోని మనుషుల్ని. గోడలూ స్తంభాలూ తర్వాత. మనిషిని ఎంత చిన్నగా వేశాడో చూస్తే గీసినవాడి ఉద్దేశం సగం అర్థమైపోతుంది.

ఫ్రెంచి ఆర్కిటెక్ట్ ఎతియెన్-లూయీ బూలే 1785లో పారిస్‌లోని రాజుగారి లైబ్రరీకి గీసిన హాలు బొమ్మలో మనుషులు మరీ చిన్నవాళ్ళు. రెండువైపులా మెట్లుమెట్లుగా పుస్తకాల అరలు. వాటి పైన బారులు తీరిన స్తంభాలు. ఆ పైన గళ్ళుగళ్ళుగా చెక్కిన కమాను కప్పు, దాని నడినెత్తిన ఆకాశం కనిపించేలా పొడవాటి సందు. గీతలన్నీ పరుగెత్తి దూరంగా ఒకే చుక్క దగ్గర కలుస్తాయి.

ఇలాంటి బొమ్మకి పెన్నుతో గీతలు గీశాక, నీళ్ళలో పల్చగా కలిపిన సిరాని పొరలుపొరలుగా పూస్తారు. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. తొందరపడ్డామా, అంచున మరక కడుతుంది, అది ఇక పోదు. వెలుతురు కావాల్సిన చోట అసలు కుంచె పెట్టరు, కాగితాన్ని అలాగే వదిలేస్తారు. ఎక్కడ వదలాలో మొదటి పొర వెయ్యకముందే తేల్చుకోవాలి. కంప్యూటర్ మీద పనిచేసే ఇప్పటి పిల్లలకి ఈ బెంగ లేదు, అదృష్టవంతులు.

బూలేకి కాగితం మీద కలలు కన్నవాడని పేరు. న్యూటన్ స్మారకమంటూ దాదాపు 150 మీటర్ల గోళాన్ని గీసినవాడికి ఆ పేరు రావడంలో వింతేం లేదు. కానీ ఈ హాలు వెనకున్నది మాత్రం పక్కా పొదుపు ఆలోచన. లైబ్రరీ మధ్యలో సుమారు 300 అడుగుల పొడవు, 90 అడుగుల వెడల్పున్న వాకిలి ఊరికే పడి ఉంది. చుట్టూ గోడలున్నాయి, పైకప్పు వేస్తే హాలు సిద్ధం. పక్క గోడలు పుస్తకాలకే పోతాయి కాబట్టి వెలుతురు పైనుంచి రావాల్సిందే. అడిగిన పుస్తకం కిందికి రావడానికీ ఏర్పాటు చూపించాడు: ఒక్కో అంతస్తులో ఒక్కో మనిషి నిలబడి, స్లాబు వేసే రోజు తట్టలు చేతులు మారినట్టు, పుస్తకాన్ని కిందివాడికి అందిస్తాడు.

ఈ లెక్కలే రాసిచ్చి ఊరుకుంటే ఏ రాజు కదులుతాడు? అందుకే ఆ బొమ్మ. రఫేల్ వేసిన 'స్కూల్ ఆఫ్ ఏథెన్స్' తనకు స్ఫూర్తి అన్నాడు బూలే. హాల్లో తిరిగేవాళ్ళకి ప్రాచీన గ్రీకు, రోమన్ల వస్త్రాలు చుట్టేశాడు. నిజానికి అక్కడికి వచ్చేది విగ్గులూ మేజోళ్ళూ వేసుకున్న పారిస్ పెద్దమనుషులు! మన అపార్ట్‌మెంట్ బ్రోచర్లలో కరెంటు తీగలూ అడ్డంగా పెట్టిన స్కూటర్లూ మాయమైపోవడం ఈ కోవలోదే. అయినా బూలే మీద నాకు కోపం రాదు. మనుషుల వేషం మార్చాడుగానీ, వాకిలి అక్కడ నిజంగానే ఉంది.

హాలు కట్టలేదు. బొమ్మ మాత్రం చివరికి ఆ లైబ్రరీకే చేరింది. 1868లో అదే ఆవరణలో ఆన్రీ లాబ్రూస్త్ కట్టిన చదువుగది తెరిచారు. 16 సన్నటి ఇనుప స్తంభాలు, తొమ్మిది గుమ్మటాలు, ప్రతి గుమ్మటం నడుమా వెలుతురుకి గుండ్రటి కన్ను. చదువుకోవాలంటే నేను అక్కడికే వెళ్తాను. బూలే హాల్లో పుస్తకం తెప్పించుకున్నా, తలెత్తి కప్పు చూస్తూ కూర్చోవడంతోనే సాయంత్రమైపోతుంది.