రెండు రేఖలు చాలవు

"ఎక్స్ = 2, వై = 3 రేఖలు అనంత స్పర్శరేఖలుగా గల అకరణీయ ప్రమేయాన్ని కనుక్కోండి." గణిత విద్యార్థులకు బాగా పరిచయమైన తరహా లెక్క ఇది. జవాబూ కంఠస్థమే. వై = 1/ఎక్స్ వక్రాన్ని కుడికి 2, పైకి 3 ప్రమాణాలు జరిపితే వై = 3 + 1/(ఎక్స్ − 2) వస్తుంది. జవాబు సరైనదే. లోపం ప్రశ్నలోనే ఉంది.

ఆ భిన్నం లవంలో 1 బదులు 5 వేసి చూడండి, −4 వేసి చూడండి. అనంత స్పర్శరేఖలు మారవు. వక్రం ఆ రేఖలకు ఎంత దగ్గరగా, ఏ పక్కన ఉండాలో నిర్ణయించేది లవంలోని ఆ స్థిరసంఖ్య. అది తెలియాలంటే వక్రం మీది ఒక బిందువునూ ఇవ్వాలి. ఉదాహరణకు, ఈ రూపంలోని వక్రం మూలబిందువు గుండా పోవాలంటే ఆ సంఖ్య 6 కావాలి.

"వక్రం అనంత స్పర్శరేఖను ఎన్నడూ తాకదు" అని నేర్పడం మరో పొరపాటు. నిలువు రేఖ విషయంలో అది నిజమే, అక్కడ హారం సున్నా అవుతుంది కనుక. అడ్డ రేఖకు ఆ నియమం లేదు. వై = 3 + ఎక్స్/(ఎక్స్ − 2)² ప్రమేయానికీ అనంత స్పర్శరేఖలు అవే. అయినా ఎక్స్ = 0 వద్ద అది వై = 3 రేఖను దాటిపోతుంది.

ఇదంతా చాదస్తం కాదు. ఎంజైముల చర్యావేగానికి 1913లో మైకేలిస్, మెంటెన్ ఇచ్చిన సూత్రం ఇలా జరిపిన వక్రమే. గరిష్ఠ వేగం 10, అందులో సగం వేగం వచ్చే గాఢత 2 అనుకుంటే, వేగం = 10 − 20/(గాఢత + 2). ఇక్కడ 10 అడ్డ రేఖ. నిలువు రేఖ −2 దగ్గర, ప్రయోగశాలకు అందని రుణ గాఢతలో ఉంది. మరి ఆ 20 ఎక్కడిది? పదార్థం లేనిదే చర్య లేదు, అంటే వక్రం మూలబిందువు గుండా పోవాలి. ఆ మూడో షరతును ఇచ్చింది ప్రకృతి. ప్రశ్నపత్రం మాత్రం దాన్ని మరచిపోతోంది.

ప్రశ్న తయారుచేసేవారు ఒక బిందువును కూడా ఇవ్వాలి. లేదా "ఒక ప్రమేయాన్ని రాయండి" అని అడిగి, సరైన ప్రతి జవాబుకూ మార్కులివ్వాలి. 1కి బదులు 5 రాసిన విద్యార్థి తప్పు చేయలేదు. బహుశా మిగతావారికన్నా ఎక్కువ ఆలోచించాడు.