రాంగోపాల్‌పేట్ క్రైమ్ నంబర్ వెంట

సికింద్రాబాద్ ఎం.జి. రోడ్డులో, పాతకాలం వాళ్లు ఇప్పటికీ జేమ్స్ స్ట్రీట్ అని పిలిచే చోట, నెత్తిన గడియారం పెట్టుకున్న పాత పోలీస్ స్టేషన్ భవనం ఉంది. కట్టించిన దాత దీవాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్. పేటకు ఆయన పేరే, ఠాణాకూ ఆయన పేరే. ఆ కట్టడం అందం గురించి చాలామంది రాశారు. నేను రాయదలచుకున్నది ఆ ఠాణా పేరుతో బయల్దేరే ఒక నంబర్ గురించి, అది కోర్టు మెట్లెక్కి తీర్పు దాకా ఎలా నడుస్తుందో దాని గురించి. దారి తప్పకుండా ఆ నడక నడిపించే పనితనం మన కళ్లెదుటే ఉన్నా దాన్ని మెచ్చుకున్నవాళ్లు తక్కువ.

ఠాణాలో ఫిర్యాదు నమోదైతే దానికో క్రైమ్ నంబర్ పడుతుంది. అదే ఎఫ్.ఐ.ఆర్. నంబర్. జనవరి 1న ఒకటితో మొదలై డిసెంబర్ 31 దాకా వరసగా సాగి, మళ్లీ కొత్త సంవత్సరంలో ఒకటికి వస్తుంది. ఠాణా పేరు, వరస సంఖ్య, సంవత్సరం: ఈ మూడూ కలిస్తే మరో కేసుతో పొరబడే వీలుండదు. ఇందులో మనిషి పేరు లేదు, నేరం పేరు లేదు. అందుకే అది గట్టిగా నిలుస్తుంది. పేర్ల స్పెల్లింగ్ మారుతుంది, సెక్షన్లు మధ్యలో మారుతాయి, చనిపోయాడనుకున్న మనిషి బతికి రావచ్చు. ఆ ఠాణా లెక్కలో క్రైమ్ నంబర్ మాత్రం మారదు.

ఎఫ్.ఐ.ఆర్. ఫారం ఎప్పుడైనా చేతికొస్తే నింపిన రాత కంటే ముందు గడులను చూడండి. మొదటి గడిలో జిల్లా, ఠాణా, సంవత్సరం, నంబర్, తేదీ. మూడో గడిలో నేరం ఎప్పుడు జరిగింది, సమాచారం ఠాణాకు ఎన్ని గంటలకు చేరింది, జనరల్ డైరీలో ఏ ఎంట్రీ కింద రాశారు. అయిదో గడిలో నేరస్థలం ఠాణాకు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉంది. రాణిగంజ్ ఇనుప దుకాణాల సందు అయినా, మినిస్టర్ రోడ్డు గోదాము అయినా, దిక్కూ దూరమూ రాయాల్సిందే. ఎనిమిదో గడి ఫిర్యాదు చేయడంలో ఆలస్యమైతే కారణం అడుగుతుంది. చిట్టచివరిది, పదిహేనోది, ఈ కాగితాన్ని కోర్టుకు పంపిన తేదీ, సమయం.

నాకు ఆ చివరి గడి మీద ప్రత్యేకమైన గౌరవం. ఎఫ్.ఐ.ఆర్. నమోదైన వెంటనే మేజిస్ట్రేట్‌కు చేరాలని చట్టం అంటుంది. ఎన్ని గంటలకు అందిందో మేజిస్ట్రేట్ దాని మీద రాస్తారు. ఎనిమిదేళ్ల తర్వాత డిఫెన్స్ లాయరు లేచి, పంపిన సమయానికీ అందిన సమయానికీ మధ్య ఉన్న గంటలు పట్టుకుని, ఆ వ్యవధిలో కథ అల్లారని వాదించవచ్చు. పోలీసు చేతిలోని కాగితం మీద పోలీసునే నిలదీయగల ప్రశ్న ఒకటి ముందే అచ్చువేసి ఉంచారు. ఈ ఫారం గీసినవాళ్లకు మనిషి స్వభావం బాగా తెలుసు.

దర్యాప్తు పూర్తయ్యాక ఛార్జిషీటు కోర్టుకు వెళ్తుంది. అక్కడ రెండో నంబర్ పుడుతుంది. మేజిస్ట్రేట్ స్వయంగా విచారించగల కేసయితే సి.సి. నంబర్, అంటే క్యాలెండర్ కేసు. హత్య, అత్యాచారం, దోపిడీ హత్య లాంటి ఘోరనేరాలయితే సెషన్స్ కోర్టు విచారించాలి కనుక మేజిస్ట్రేట్ ముందుగా పి.ఆర్.సి. నంబర్ ఇస్తాడు. కాగితాల నకళ్లు నిందితుడికి అందజేసి, కేసును సెషన్స్‌కు కమిట్ చేస్తాడు. అక్కడ ఎస్.సి. నంబర్, అంటే సెషన్స్ కేసు నంబర్ పడుతుంది. ఒకే హత్య కేసుకు మూడు నంబర్లు. తెలియనివాడికి ఇది గందరగోళం. దగ్గరగా చూస్తే మాత్రం ప్రతి కొత్త నంబర్ కిందా పాతదాన్ని విడవకుండా రాసి ఉంటుంది. సెషన్స్ తీర్పు మొదటి పేజీలో పి.ఆర్.సి. నంబర్, ఏ మేజిస్ట్రేట్ కమిట్ చేశారు, ఏ ఠాణా, ఏ క్రైమ్ నంబర్ అన్నీ కనిపిస్తాయి. కొడుకు పేరు చెప్పి తండ్రి పేరు, తాత పేరు చెప్పే మన ఊరి పద్ధతే ఇది. ఏ కొస దొరికినా మిగతా కొసకు వెళ్లవచ్చు.

ఇప్పుడు వెతకడం సంగతి. ఇ-కోర్ట్స్ సర్వీసెస్ అనే జిల్లా కోర్టుల పోర్టల్ తెరిచి తెలంగాణ, తర్వాత హైదరాబాద్, తర్వాత కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోవాలి. రాంగోపాల్‌పేట్ హైదరాబాద్ జిల్లాలోనే ఉంది. కానీ సికింద్రాబాద్ అని మనం వాడుకలో కలిపేసే ప్రాంతాల్లో కొన్ని మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోకి వస్తాయి కనుక ఠాణా ఏ జిల్లాదో ముందు చూసుకోవాలి. కేస్ స్టేటస్ కింద ఏడు దారులున్నాయి: పార్టీ పేరు, కేసు నంబర్, ఫైలింగ్ నంబర్, లాయరు పేరు, ఎఫ్.ఐ.ఆర్. నంబర్, చట్టం, కేసు రకం. చేతిలో క్రైమ్ నంబర్ ఉంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు. ఎఫ్.ఐ.ఆర్. దారిలో ఠాణా పేరు ఎంచి, నంబర్, సంవత్సరం కొట్టి, పెండింగా డిస్పోజ్డా చెబితే చాలు. మేజిస్ట్రేట్ దగ్గరి కేసు, సెషన్స్ కేసు వేర్వేరు కోర్టులవి కాబట్టి రెండు కాంప్లెక్సుల్లోనూ చూడాలి. ఇది చాలామంది మరిచిపోతారు. మేజిస్ట్రేట్ కోర్టులో కేసు ముగిసినట్టు కనిపించగానే అంతా అయిపోయిందనుకుంటారు. అది కమిట్ అయి పైకోర్టుకు వెళ్లి ఉండవచ్చు.

పేరుతో వెతకడం కష్టం. పోర్టల్‌లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. కనీసం మూడు అక్షరాలు కొట్టాలి. మన శ్రీనివాస్‌ను ఎన్ని రకాలుగా రాస్తారో, ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఎంత ఇష్టారాజ్యమో అందరికీ తెలిసిందే. ఈ ఇబ్బంది ఠాణా రాతగాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. అందుకే నిందితుడి పేరు వాళ్లు ఒంటరిగా రాయరు. అసలు పేరు రాసి, ఈమెయిల్‌లో వాడే ఎట్ గుర్తు పెట్టి, పక్కన వాడుక పేరు రాస్తారు. ఆ వెంట తండ్రి పేరు, వయసు, కులం, వృత్తి, ఉండే చోటు, స్వగ్రామం. ఒకే పేరున్న పదిమందిలో ఒక్కణ్ణి విడదీసే పని ఆ ఒక్క వరస చేస్తుంది. కాబట్టి పేరు సరిపోయింది కదా అని ఇతనే అతను అని తేల్చడానికి వీల్లేదు. తండ్రి పేరు, ఊరు కలవాలి. సెక్షన్‌తో వెతికేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకు ముందు జరిగిన హత్య ఐ.పి.సి. 302లో, తర్వాతిది సంహిత 103లో కనిపిస్తుంది.

కేసు తెరుచుకున్నాక పైన పదహారు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబర్ ఉంటుంది. దీని కట్టడం చూడదగ్గది. మొదటి రెండక్షరాలు రాష్ట్రానికి, తర్వాతి రెండు జిల్లాకు, ఆ వెంట రెండంకెలు కోర్టు ఎస్టాబ్లిష్‌మెంట్‌కు, ఆరంకెలు కేసు వరసకు, చివరి నాలుగు సంవత్సరానికి. దేశంలో ఏ జిల్లా కోర్టు కేసునైనా ఈ పదహారు గడుల్లో ఇమిడ్చారు. ఒకసారి రాసుకుంటే జిల్లా, కాంప్లెక్స్ ఎంచుకునే పని ఉండదు. నేరుగా కేసు దగ్గరికే వెళ్తాం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు ఇ-కోర్ట్స్ అని రాసి, ఖాళీ వదిలి, సి.ఎన్.ఆర్. కలిపి 9766899899కు ఎస్.ఎం.ఎస్. పంపితే వాయిదా తేదీ వస్తుంది. వెనకాల నడిచే సాఫ్ట్‌వేర్ పుణెలోని నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్.ఐ.సి.) వాళ్లు ఓపెన్ సోర్స్ పరికరాలతో తయారుచేసిన కేస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్. దేశమంతటికీ ఒకటే కేంద్రభాగం, ఆయా హైకోర్టుల నియమాలకు తగ్గట్టు చుట్టూ మార్చుకోగల అంచు. అమెరికాలో చాలాచోట్ల ఏ కౌంటీ క్లర్కు పద్ధతి ఆ కౌంటీదే. ఫెడరల్ కోర్టుల పోర్టల్ పేసర్‌లో పేజీకి పది సెంట్లు కట్టాలి. ఇక్కడ రాంగోపాల్‌పేట్ కేసు చూసినా, రాజమండ్రి కేసు చూసినా ఒకటే తెర, పైసా ఖర్చు లేదు. ఈ విషయంలో మనవాళ్లు చేసిన పని గొప్పది. ఆ మాట అనడానికి నేను మొహమాటపడను.

తెర మీది పేజీని చదవడమూ నేర్చుకోవాలి. కేసు హిస్టరీ పట్టికలో ప్రతి వాయిదాకు ఒక వరస: ఏ జడ్జి, ఏ తేదీ, ఎందుకోసం. తేదీ మీద నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో రెండు మాటల్లో వస్తుంది: సాక్షి రాలేదు, సమన్లు తిరిగి జారీ, నిందితుడు గైరుహాజరు కనుక నాన్ బెయిలబుల్ వారంట్. పరారీలో ఉన్నవాడి కేసును మిగతావాళ్ల కేసునుంచి విడగొట్టి వేరే నంబర్ ఇస్తారు. ఎంతకీ దొరకకపోతే లాంగ్ పెండింగ్ రిజిస్టర్‌లోకి మారుస్తారు. ముగిసిన కేసులో డిస్పోజ్డ్ అన్న మాట దగ్గరే ఆగిపోవద్దు. పక్కన నేచర్ ఆఫ్ డిస్పోజల్ ఉంటుంది. శిక్ష పడిందా, నిర్దోషిగా విడుదలయ్యాడా, రాజీ పడ్డారా అన్నది అక్కడ. ఎఫ్.ఐ.ఆర్. అనేది ఆరోపణ. సంబంధం చూసేవాళ్లూ ఇల్లు అద్దెకిచ్చేవాళ్లూ ఆ మొదటి కాగితం దొరగ్గానే మనిషి మీద ముద్ర వేసేస్తున్నారు. ఆఖరి వరస దాకా చదవకుండా అలా ముద్ర వేయడం అన్యాయం.

ఆ ఆఖరి వరసకు ఆధారమైన తీర్పును చేతిలోకి తీసుకుంటే మన ట్రయల్ కోర్టుల పనితనం నిండుగా కనిపిస్తుంది. క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ ప్రకారం తీర్పుకు క్యాలెండర్ అనే పట్టిక జతచేస్తారు. నేరం జరిగిన తేదీ, ఫిర్యాదు, నిందితుణ్ణి పట్టుకున్న తేదీ, బెయిలుపై విడుదల, విచారణ మొదలు, విచారణ ముగింపు, తీర్పు అన్నీ అడ్డంగా ఒకే వరసలో. ఆలస్యానికి వివరణ రాసే చోటు కూడా ఉంటుంది. ఒక మనిషి జీవితంలోని ఏళ్లు ఏడెనిమిది తేదీల్లో కనిపిస్తాయి. పట్టుకున్న తేదీకీ బెయిలు తేదీకీ మధ్య దూరం చూస్తే అతను జైల్లో ఎన్నాళ్లున్నాడో తెలుస్తుంది. తీర్పు చివర అనుబంధం: ప్రాసిక్యూషన్ సాక్షులు పి.డబ్ల్యూ. 1 నుంచి వరసగా, వాళ్లు ఎవరన్నది పక్కనే. మార్క్ చేసిన పత్రాలు ఎగ్జిబిట్ పి-1 నుంచి. కత్తి, రక్తపు చొక్కా, సెల్‌ఫోన్ లాంటి వస్తువులు ఎం.ఓ. 1 నుంచి. తీర్పు లోపల జడ్జి ‘పి.డబ్ల్యూ. 4 చెప్పినదాన్ని ఎగ్జిబిట్ పి-7 బలపరుస్తోంది’ అనే తీరులో రాస్తే, ఆ నాలుగు ఎవరో, ఏడు ఏమిటో అనుబంధం చెబుతుంది. స్టెనోకు డిక్టేట్ చేసి, తాను దిద్ది, ఫలానా తేదీన బహిరంగ కోర్టులో ప్రకటించానన్న వాక్యం కింద సంతకం.

అన్నీ కనిపించవు, కనిపించకూడదు కూడా. 2016 సెప్టెంబర్ 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని ఆదేశించింది. అదే ఉత్తర్వులో లైంగిక నేరాలు, పోక్సో, తీవ్రవాదం వంటి సున్నితమైన వాటిని మినహాయించింది. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. చట్టంతో ఘర్షణపడ్డ పిల్లల వివరాలు ప్రచురించకూడదు. అలాంటి పేజీ ఖాళీగా కనిపిస్తే వ్యవస్థ లోపమనుకుని తవ్వకండి.

తెర మీద చూసింది సమాచారం కోసమే. ఏ ఆఫీసులోనైనా రుజువుగా చూపాలంటే సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. కేసు నంబర్, పార్టీలు, కావలసిన పత్రం, దాని తేదీ రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి కాపీయింగ్ సెక్షన్‌లో నకలు దరఖాస్తు పెట్టాలి. జైలు శిక్ష పడినవాడికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతుంది. కేసుతో సంబంధం లేనివాళ్లు అడిగితే కారణం చూపే పిటిషన్, అఫిడవిట్ ఇవ్వాల్సి వస్తుంది.

చేతికొచ్చిన నకలు చివరి పేజీ తిప్పి చూడండి. ఒక ముద్ర, అందులో చేతిరాతతో తేదీలు: దరఖాస్తు పెట్టింది, ఛార్జీలు అడిగింది, ఛార్జీలు కట్టింది, నకలు సిద్ధమైంది, ఇచ్చింది. సెషన్స్ శిక్ష మీద హైకోర్టుకు అప్పీలు వేయడానికి మామూలుగా 60 రోజుల గడువు. నకలు తయారీకి పట్టిన రోజులను ఆ గడువులోంచి తీసేయాలని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ అంటుంది. అప్పీలు దాఖలు చేసే రోజున హైకోర్టు రిజిస్ట్రీలో స్క్రూటినీ చేసే గుమస్తా ఈ ముద్రలోని తేదీలతోనే లెక్క కట్టి, అప్పీలు గడువులో వచ్చిందో లేదో తేలుస్తాడు.