తాళం తీయకుండా లెక్క చేసే కంపైలర్

నెక్కొండ మార్కెట్‌కు ఎనిమిది మంది రైతులు మిర్చి తెచ్చారనుకుందాం. ఎవరి తూకం ఎంత, క్వింటాకు ఎంత పలికింది అన్న పట్టీని మార్కెట్ కమిటీ గుప్తలిపిలోకి మార్చి ఎక్కడో ఉన్న అద్దె సర్వర్‌కు పంపుతుంది. సర్వర్‌కు ఒక్క అంకె కూడా కనిపించదు. అయినా తూకాలను ధరలతో గుణించి, కూడి, మొత్తం సొమ్మును గుప్తలిపిలోనే తిరిగి పంపుతుంది. తాళంచెవి కమిటీ దగ్గరే ఉంటుంది కాబట్టి దాన్ని విప్పేది వాళ్లే. ఇదే హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్.

ఇలాంటిది సాధ్యమా అని 1978లోనే రివెస్ట్, ఏడిల్‌మన్, డెర్టూజోస్ అడిగారు. ఏ లెక్కకైనా పనికొచ్చే జవాబు 2009లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థి క్రెయిగ్ జెంట్రీ సిద్ధాంత వ్యాసంలో దొరికింది. చిక్కల్లా నాయిజ్‌తోనే. ప్రతి గుప్తాంకంలో భద్రత కోసం కావాలనే కొంత నాయిజ్ కలుపుతారు. కూడితే అది కొంచెమే పెరుగుతుంది, గుణిస్తే బాగా పెరుగుతుంది. హద్దు దాటితే తాళం తీసినా చెత్తే వస్తుంది. గుణకారాలు వరుసగా ఎక్కువయ్యే కొద్దీ మాడ్యులస్ పెద్దది కావాలి, దానికి తగ్గట్టు రింగ్ సైజూ పెరగాలి. 2018లో వచ్చిన ప్రమాణపత్రం ప్రకారం 128 బిట్ల భద్రత కావాలంటే 8192 సైజు రింగ్‌లో మాడ్యులస్ 218 బిట్లు దాటకూడదు. దాటాలంటే 16384కు వెళ్లాలి, అప్పుడు పని నెమ్మదిస్తుంది. ఈ బేరమంతా చేత్తో చూసుకోవడం గూఢలిపి నిపుణులకే తలనొప్పి.

కంపైలర్ విలువ ఇక్కడే. మన పట్టీనే చూడండి. ఎనిమిది తూకాలు ఒకే గుప్తాంకంలో ఎనిమిది గడులుగా కూర్చుంటాయి, ధరలు మరో దాంట్లో. ఒక్క గుణకారంతో ఎనిమిది లబ్ధాలూ వచ్చేస్తాయి. వాటిని కూడాలంటే గడులను నాలుగు స్థానాలు తిప్పి కూడాలి, తర్వాత రెండు, తర్వాత ఒకటి. మూడు తిప్పుళ్లతో మొత్తం తేలుతుంది. మామూలు లూప్ రాసి ఇస్తే దాన్ని ఈ రూపంలోకి తెచ్చేది కంపైలరే. అంత సులువుగా ఈ రూపంలోకి రానివీ ఉన్నాయి. రహస్యంగా ఉన్న ధర ఇంతకంటే ఎక్కువైతే ఈ పని, కాకపోతే ఆ పని అని రాస్తే, ఏ దారిన పోవాలో సర్వర్‌కు తెలియదు. రెండు దారులూ లెక్కకట్టి చివర ఒకటి ఎంచుకోవాల్సిందే.

గూగుల్ పరిశోధకులు మొదలుపెట్టిన హీర్ అనే కంపైలర్ ఈ పనికి ఎంఎల్‌ఐఆర్‌ను పునాదిగా తీసుకుంది. ఎంఎల్‌ఐఆర్ అంటే కంపైలర్లు కట్టుకునే చట్రం, ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టు కుటుంబంలోది. దాని తొలి బృందంలో బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యుడు ఉదయ్ బొందుగుల కూడా ఉన్నారు. హీర్‌లో ప్రోగ్రాం ఒక్కో మెట్టూ దిగుతుంది: ముందు రహస్యం అన్న గుర్తు, తర్వాత బీజీవీ లేదా సీకేకేఎస్ పద్ధతి, చివరికి ఓపెన్‌ఎఫ్‌హెచ్‌ఈ లాంటి లైబ్రరీకి పిలుపులు.

వాడి చూడటమే ఉద్దేశమైతే పైథాన్ ప్యాకేజీ దించుకుంటే చాలు. కంపైలర్ లోపల చెయ్యి పెట్టాలంటే మాత్రం సోర్సు తెచ్చుకుని బిల్డ్ చేసుకోవాలి. యూనిక్స్ కాలం నుంచి వస్తున్న ఈ సంప్రదాయాన్ని కొందరు చాదస్తం అంటారు. నేను అనను. హీర్ ఎల్‌ఎల్‌వీఎంలో ఏదో ఒక వెర్షన్ మీద కాక, ఫలానా కమిట్ మీదే నిలబడి ఉంటుంది. బేజెల్ అనే బిల్డ్ సాధనం ఆ కమిట్‌నే తెచ్చి, దించిన ఫైళ్లను హ్యాష్‌తో సరిచూసి బిల్డ్ చేస్తుంది. బేజెల్ వెర్షన్ కూడా ప్రాజెక్టులోనే రాసి ఉంటుంది. బేజెల్‌ను దించి నడిపే బేజెలిస్క్ దాన్ని చదివి సరైనదే తెస్తుంది. సిస్టమ్‌లో ఇంతకుముందే ఉన్న ఎల్‌ఎల్‌వీఎంతో సరిపెట్టుకుందాం అనుకునేవాళ్లకు ఎర్రర్లే మిగులుతాయి.

కాలేజీ లాప్‌టాప్‌తో సెలవులకు నెక్కొండ వచ్చిన విద్యార్థి చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. డౌన్‌లోడ్ పెద్దది. వరంగల్‌లో మంచి వైఫై ఉన్నచోటే బేజెల్ ఫెచ్ కానిచ్చేసి కాజీపేట-విజయవాడ లైన్లో రైలెక్కితే, ఇంట్లో ఫోన్ డేటా కరిగిపోదు. విండోస్ అయితే, అందులోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకోండి. సోర్సు ఫోల్డర్ మాత్రం లినక్స్ వైపే ఉండాలి. సీ డ్రైవ్‌లో పెడితే ఫైళ్లు చదవడానికే పొద్దుపోతుంది. డబ్ల్యూఎస్‌ఎల్ మామూలుగా ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది కాబట్టి ఆ హద్దు కూడా చూసుకోవాలి. క్లాంగ్ కంపైలర్, ఎల్‌ఎల్‌డీ లింకర్ ముందే ఇన్‌స్టాల్ చేసుకోండి. డిస్క్ మీద పదుల జీబీలు ఖాళీ ఉంచండి.

ఎనిమిది జీబీల ర్యామ్ మీద బేజెల్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే ఉన్న కోర్లన్నిటినీ వాడబోయి మెషీన్‌ను స్తంభింపజేస్తుంది. జాబ్స్ సంఖ్య రెండుకు కుదించండి. యోసిస్ భాగం బిట్ల స్థాయి లెక్కలకే కావాలి, దాన్ని ఆపేస్తే మొదటి బిల్డ్ తేలికవుతుంది. అయినా గంటలు పడుతుంది. డిస్క్ క్యాష్ ఆన్ చేసి ఉంటే, మధ్యలో కరెంటు పోయినా పూర్తయిన ముక్కలు పోవు.

బిల్డ్ అయ్యాక ముందు పట్టుకోవాల్సింది హీర్-ఆప్ట్ అనే పరికరం. ప్రాజెక్టు పరీక్షల్లో ఎనిమిది అంకెల డాట్ ప్రొడక్ట్ ఉదాహరణ ఉంది. దాన్ని బీజీవీ వరుసలో నడిపి, ప్రతి మెట్టు తర్వాతి రూపాన్నీ ప్రింట్ చేయించండి. లూప్ ఎక్కడ మాయమైందో, తిప్పుళ్లు ఎక్కడ మూడయ్యాయో కళ్లారా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలోని పది పేజీల కంటే ఈ ప్రింటే ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. తర్వాత ఒక పాస్‌లో, అంటే ప్రోగ్రాం రూపాన్ని మార్చే ఒక దశలో, చిన్న మార్పు చేసి పరీక్షలు మళ్లీ నడపండి. ఈసారి మారిన భాగమే బిల్డ్ అవుతుంది కాబట్టి మొదటిసారిలా గంటలు పట్టవు.

హీర్ అపాచీ 2.0 లైసెన్సుతో బయటే ఉంది. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ చివరి ఏడాది పిల్లలు ఫైనల్ ప్రాజెక్టుకు ఏటా అవే హాజరు యాప్‌లు కడుతున్నారు. ఈసారి ఒకరిద్దరైనా దీన్ని ఎత్తుకోండి.