తలమీది కొంగు

గంజి పెట్టిన మంగళగిరి నేత చీరైతే కొంగు తలమీద ఎక్కడ వేస్తే అక్కడే ఉంటుంది. జార్జెట్టయితే సువార్త చదవడం పూర్తయ్యేలోపే భుజం మీదికొస్తుంది. పట్టుచీరది ఇంకో తంటా. జరీ బరువుకు అంచు వెనక్కి లాగుతూనే ఉంటుంది, మోకరించినప్పుడల్లా ఒక చెయ్యి దానికే సరిపోతుంది. గుడికి చీర తీసేటప్పుడు మా అమ్మమ్మ మొదట చూసేది అదే: తలమీద నిలుస్తుందా, లేదా.

ఆమె వేసుకునే తీరు నాకు బాగా గుర్తు. ఎడమ భుజం మీంచి వెనక్కి పడ్డ కొంగును వీపు మీదుగా కుడివైపుకు తెచ్చేది. రెండు చేతులతో అంచు పట్టుకుని తలమీదుగా నుదుటి దాకా లాగేది. మళ్ళీ రెండు వేళ్ళ మేర వెనక్కి జరిపి, కుడిచెవి వెనక ఒక మడత నొక్కేది. మిగిలిన చెంగు కుడి భుజం మీంచి ముందుకు తీసి బొడ్డు దగ్గర దోపేది. పిన్నీసు పెట్టనిచ్చేది కాదు. ఇక పూజ అయ్యేదాకా రెండు చేతులూ ఖాళీ: ఒక చేతిలో జపమాల, ఒళ్ళో నేనో మా తమ్ముడో. సత్ప్రసాదం నాలుక మీదే పుచ్చుకునే రోజులవి, చేతులు జోడిస్తే చాలు. ఇప్పుడు చేతిలో పెట్టే పద్ధతి వచ్చిన గుళ్ళలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చాపాలి. సరిగ్గా ఆ క్షణంలోనే కొంగు జారుతుంది. పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. అమ్మమ్మ బొడ్డు దగ్గర దోపుకోవడంలోని తెలివి నాకు అప్పుడే అర్థమైంది.

మా గుంటూరు వైపు గుళ్ళలో ఆడవాళ్ళ వైపు వెనక వరసలో కూర్చుంటే మరొకటి కనిపిస్తుంది. గురువు అప్పాన్ని పైకెత్తే వేళ పీఠబాలుడు గంట కొడతాడు. గంట మోగిందో లేదో, ముందు వరసల్లో చేతులు లేస్తాయి. ప్రసంగం వింటూ మరిచిపోయిన కొంగులు, పిల్లలు పట్టి లాగిన కొంగులు అన్నీ మళ్ళీ తలల మీదికి చేరతాయి. ఎవరూ చెప్పరు. పక్కవాళ్ళు వేసుకున్నారా అని ఎవరూ చూడరు. నాకు ఆరాధన అంటే అదే. నోటితో చెప్పే ఏ ప్రార్థనకూ అది తీసిపోదు.

దీనికి ఒకప్పుడు చట్టం ఉండేది. 1917లో ప్రకటించిన తిరుసభ చట్టసంహిత 1262వ నిబంధనలో, గుడిలో ఆడవాళ్ళు, మగవాళ్ళు వేరువేరుగా ఉండడం మంచిదని రాశారు. మగవాళ్ళ తలమీద ఏమీ ఉండకూడదు, ఆడవాళ్ళు తల కప్పుకుని మర్యాదగా ఉండాలి, ముఖ్యంగా సత్ప్రసాదానికి వచ్చేటప్పుడు అని కూడా అందులోనే ఉంది. ఆడవాళ్ళ మాట మీద ఎన్ని వాదాలో. అదే వాక్యంలోని మగవాళ్ళ మాటను మాత్రం ఎవరూ తలుచుకోరు, అయినా ఈనాటికీ పాటిస్తున్నారు. పొలం నుంచి నేరుగా వచ్చిన రైతు గుమ్మం దగ్గరే తలగుడ్డ తీసి భుజాన వేసుకుంటాడు. మేత్రాణులు కూడా పూజ మధ్యలో, అర్పణ ప్రార్థన మొదలయ్యేముందు, తలమీది చిన్న టోపీ తీసి పక్కన పెట్టిస్తారు. తల కప్పడమూ తల విప్పడమూ ఒకే మర్యాదకు రెండు రూపాలని నేను అనుకుంటాను. ఒకదాన్ని బానిసత్వమనీ, రెండోదాన్ని మామూలు సంగతనీ అనడం నాకు సరిగా తోచదు.

ఆ చట్టం పోయింది. 1976లో వాటికన్ విశ్వాస పరిరక్షక విభాగం ఒక పత్రం విడుదల చేసింది. స్త్రీలకు గురుపట్టం ఎందుకు ఇవ్వలేమో వివరించే పత్రం అది. ఆ సందర్భంలోనే, ముసుగు నియమం పునీత పౌలు కాలపు ఆచారానికి సంబంధించిన చిన్న విషయమనీ, ఇప్పుడు దానికి కట్టుబడి ఉండనక్కర్లేదనీ తేల్చింది. 1983లో వచ్చిన కొత్త చట్టసంహితలో అసలా ప్రస్తావనే లేదు. అప్పటికే ఐరోపాలో, అమెరికాలో ముసుగులు బీరువాల్లోకి వెళ్ళిపోయాయి. 1962లో జాక్వెలిన్ కెనెడీ ఇరవైమూడవ జాన్ పోపును చూడడానికి వెళ్ళినప్పుడు తలమీద నల్లటి లేసు మాంటిల్లా ఉంది. ఆ పదేళ్ళలోనే అమెరికా గుళ్ళలో అది అరుదైపోయింది.

మాంటిల్లా గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా గొప్ప పనితనం. స్పెయిన్‌లో రెండు రకాలకు పేరు. ఒకటి షాంటిల్లీ, పొగలా పల్చగా ఉంటుంది. రెండోది బ్లోండా, మెరిసే పట్టుదారంతో పెద్దపెద్ద పువ్వులు తేలేలా అల్లుతారు. కొప్పులో పెయినేతా అనే ఎత్తయిన దువ్వెన గుచ్చి, దానిమీదుగా లేసు దించుతారు. పవిత్ర గురువారం నాడు సెవిల్‌లో ఆడవాళ్ళు నల్ల దుస్తులు, నల్ల మాంటిల్లాతో వీధుల్లో నడుస్తారు. 1871లో మాడ్రిడ్ పెద్దింటి ఆడవాళ్ళు ఇటలీ నుంచి తెచ్చిపెట్టిన రాజు అమదేవో మీద నిరసనగా కొత్త ఫ్యాషన్ టోపీలు మానేసి, మాంటిల్లాలు, దువ్వెనలు పెట్టుకుని బయటికొచ్చారు. తలమీద ఏం వేసుకోవాలన్నది ఆడవాళ్ళు తమ చేతిలోకి తీసుకున్న రోజు అది. అందుకే ఆ కథ నాకు ఇష్టం. మా ఇళ్ళలో లేసంటే నర్సాపురం లేసే. అది కొక్కెం సూదితో అల్లే వేరే పని. అయినా కళ్ళు చిట్లించుకుని ఒక్కో ముడి వేసే ఆడవాళ్ళ శ్రమ ఎక్కడైనా ఒకటే కదా!

బీరువాలోకి వెళ్ళిన ఆ లేసు మళ్ళీ బయటికొచ్చింది. పదహారవ బెనెడిక్ట్ పోపు 2007లో పాత లాటిన్ పూజకు తలుపులు బార్లా తీశారు. 2021లో ఫ్రాన్సిస్ పోపు వాటిని చాలావరకు మూశారు. ఈ మధ్యకాలంలో ఆ పూజలకు వెళ్ళే పడుచు పిల్లలు, వాళ్ళలో చాలామంది అమ్మలు ఎన్నడూ ముసుగు వేసుకోనివాళ్ళే, కోరి మాంటిల్లా వేసుకుంటున్నారు. దక్షిణ కొరియా కతోలికులకైతే ఈ విరామమే రాలేదు. ‘మిసాబో’ అనే తెల్ల లేసు ముసుగు వేసుకునే స్త్రీలు అక్కడ ఇప్పటికీ చాలామంది.

మనకూ ఆ విరామం రాలేదు. ఎందుకు రాలేదన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న. చట్టమే కొంగును తలమీద నిలబెట్టి ఉంటే, 1983 తర్వాత జారిపోయి ఉండాలి. పైగా గుంటూరులో మా గుడి నుంచి నాలుగు అడుగులేస్తే లూథరన్ల గుడి. వాళ్ళ మొదటి మిషనరీ హేయర్ 1842లో ఈ ఊరొచ్చాడు. రోము చట్టంతో వాళ్ళకు ఏనాడూ పని లేదు. ఆ గుడిలోనూ ఆడవాళ్ళ తలమీద కొంగే, ఒంగోలు బాప్టిస్టుల దగ్గరా కొంగే. అంటే దీన్ని పట్టుకుని ఉన్నది చట్టం కాదు. పునీత పౌలు కొరింతు వాళ్ళకు రాసిన మొదటి లేఖ చదవగా విన్న ఆడవాళ్ళు, స్త్రీ తల కప్పుకోవాలన్న ఆ మాటను ఒంటిమీది బట్టతోనే పాటించారు. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. కూలికెళ్ళే ఆమె చీరకూ, టీచరమ్మ చీరకూ కొంగు ఉంటుంది.

ఇందులో వదులుకున్నదీ ఉంది. కోస్తాలో హిందువుల గుడికెళ్ళే ఆడపిల్ల తలనిండా పూలు పెట్టుకుని, అవి కనిపించేలా నడుస్తుంది. మా ఆడవాళ్ళు మల్లెలు పెట్టుకుంటారు, పైన కొంగు వేసుకుంటారు. పూజ అయ్యేసరికి దండ నలిగిపోతుంది, వాసన మాత్రం కొంగుకు పడుతుంది. అమ్మ చీర ఉతకడానికి తీసినప్పుడు ఆ వాసన వచ్చేది.

పౌలు వాదం అందరికీ తెలిసిందే. స్త్రీకి జుట్టే గొప్ప, అది కత్తిరించుకోవడం అవమానం, కాబట్టి తల కప్పుకోవాలి. ఈ వాదాన్ని గుణదల కొండ దగ్గర నిలబడి చదివితే కొత్తగా వినిపిస్తుంది. ఫాదర్ ఆర్లాటి 1924లో అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. మొక్కు ఉన్నవాళ్ళు తలనీలాలిస్తారు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉంటారు. పౌలు అవమానమన్నదాన్ని ఆ తల్లి ఏడుస్తూనో నవ్వుతూనో మరియమాతకు ఇచ్చేస్తుంది. బిడ్డ బతికినందుకో, భర్త తాగుడు మానినందుకో. ఇచ్చేసి, గుండు మీదికి కొంగు లాక్కుని మెట్లెక్కుతుంది. దాచుకోవడానికి అక్కడ జుట్టు లేదు. ఆమె ఎవరికీ లోబడి తల కప్పుకుంటోందని నేను అనుకోను. తన దగ్గరున్నదంతా ఇచ్చిన మనిషి ఆమె. ఆ కొంగుకు అర్థం చెప్పగలిగేది ఆమే, పౌలు కాదు, నేనూ కాదు.

అందుకే మా విచారణ పెద్దలతో ఒక మాట. ఈ మధ్య కొన్ని చోట్ల సత్ప్రసాదం వరసలో నిలబడ్డ ఆడపిల్లను ఆపి, చున్నీ ఏదని అందరి ముందూ అడుగుతున్నారు. జీన్సు, చొక్కా వేసుకుని పట్నం నుంచి పండక్కి వచ్చిన పిల్ల అది. తలదించుకుని వరసలోంచి తప్పుకుని వెళ్ళిపోవడం నేను చూశాను. ఆ తర్వాత రెండు పండగలకు ఆ పిల్ల గుడికి రాలేదని వాళ్ళమ్మ చెప్పింది. తిరుసభ యాభై ఏళ్ళ కిందటే వదిలేసిన నియమాన్ని మీరు గుమ్మం దగ్గర కాపలా కాయకండి. కొంగు విలువ పిల్లలకు తెలియాలంటే గంట మోగే వేళ వాళ్ళ అమ్మమ్మల పక్కన కూర్చోనివ్వండి, సత్ప్రసాదం మాత్రం అడిగిన చేతికి అడిగినట్టు అందనివ్వండి.