కలంకారీ తరువు: పునరుక్తియా, యనువృత్తియా?

17, 18 శతాబ్దులందుఁ గోరమండలతీరమునుండి యైరోపాకుఁ బోయిన కలంకారీ దుప్పటులగు పలంపోరులందుఁ బుష్పతరు వొక్కటియే మాటిమాటికిఁ గానవచ్చును. రాతిగుట్టపై మొలచిన యా మ్రానునఁ గొమ్మకొమ్మకు వేఱుజాతి పువ్వులు. ఇది పునరుక్తిదోషము గాదా యని యాక్షేపింపవచ్చును. కాదు, ఇది యనువృత్తి.

పాణినీయమున యణాదేశసూత్రమందలి ‘అచి’ యను పదము తరువాతి సూత్రమున ననువర్తించి యయాదేశాదులకు నిమిత్తమగును. పద మదియే, కార్యము వేఱు. అట్లే యీ తరువు పక్షులతోఁ గూడినచోట నాశ్రయమగును. వర్తకులు పంపిన మాతృకలనుండి వచ్చిన వెదుళ్ళతోఁ గూడినచోటఁ బరదేశపు రుచికి లోఁబడిన యలంకారమగును.

కరక్కాయనీటఁ దడిపిన గుడ్డపైఁ గలముతోఁ దీర్చు చేయి ప్రతికొమ్మను మరల నిర్ణయించును. యంత్రపుటచ్చు దానినే మార్పులేక దింపును. కావున నావృత్తిసంఖ్యనుబట్టి గాక యన్వయమునుబట్టియే గుణదోషములు నిర్ణయింపవలెను. ఈ విచక్షణ లేనిచో హస్తకృతియు యంత్రప్రతికృతియు మనకు నొక్కటియే యగును.